గ్రామ్యం ఎవరిది? ‘ముండాకొడుకు’ అనే తిట్టు పుట్టుక, అర్థం, నిఘంటువుల మౌనం

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో తిట్టు ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. మొదటిది, మొదటి అక్షరం నిలిపి తక్కిన మాట స్థానంలో చుక్కలు పెట్టడం. రెండోది, ‘గ్రామ్యం’ అనే ముద్ర వేసి పక్కకు తప్పుకోవడం. చుక్కలు పెట్టేవారు మర్యాద కోసం పెడుతున్నామంటారు, ముద్ర వేసేవారు శాస్త్రం కోసం వేస్తున్నామంటారు. ఈ రెండూ ఒకే పని చేస్తున్నాయనీ, ఆ పని సాక్ష్యాన్ని మాయం చేయడమేననీ ఈ వ్యాసం వాదిస్తుంది. ఇందుకు తీసుకున్న ఉదాహరణ విశాఖపట్నం రేవులోనూ, గాజువాక లారీ యార్డుల్లోనూ, ఉక్కునగరంలోనూ, మన ఇళ్ళలోనూ రోజుకు ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కలేని మాట: ముండాకొడుకు. దీనికి తోబుట్టువైన ‘వెధవ’ను కూడా కలిపి చూడకపోతే విషయం తేలదు.

ముందుగా వ్యుత్పత్తి. ‘ముండ’ సంస్కృత ‘ముండ’ శబ్దం నుంచి వచ్చిందనీ, దానికి గొరిగిన తల అని అర్థమనీ అందరికీ తెలుసు. ‘వెధవ’ ‘విధవ’కు తద్భవం. రెండో అక్షరంలో అకారం ఉన్నప్పుడు మొదటి ఇకారం ఎకారం కావడం తెలుగు నోటికి సహజం. ఉత్తరాంధ్ర వ్యవహారంలో ఆది వకారం లోపించి, మహాప్రాణం అల్పప్రాణమై అదే ‘ఎదవ’ అయింది. విధవ శబ్దానికి బంధుత్వం చాలా దూరం ఉంది. లాటిన్‌లో ‘విదువా’, దాని నుంచి వచ్చిన స్పానిష్ ‘వియుదా’, ఇంగ్లీషు ‘విడో’ అన్నీ ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవి. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ ఇక్కడితో వ్యాసం ముగించేవారితోనే. ‘ముండ అనగా శిరోముండనము గలది, కాలక్రమమున నిందార్థమున రూఢమైనది’ అన్న ధోరణి వాక్యంతో చేతులు దులుపుకునే వివరణలు మనకు కొల్లలు. ‘కాలక్రమమున’ అనే ఆ ఒక్క మాట వెనుక ఏం జరిగిందో చెప్పడమే అర్థవిపరిణామ శాస్త్రం చేయవలసిన పని. కాలం తనంతట తాను ఏ మాటనూ తిట్టుగా మార్చదు.

ధాతువు దగ్గరే ఆగిపోతే ఎందుకు చాలదో చూద్దాం. ముండ అంటే తల గొరిగినది. విధవ అంటే భర్త లేనిది. ‘రండ’ అనే మూడో మాట ఉంది. సంస్కృతంలోనే అది వితంతువనీ, శీలం లేనిదనీ రెండర్థాల్లో కనిపిస్తుంది. ఒడియాలో ‘రాండ’ వితంతువు. హిందీలో ‘రాండ్’ వితంతువు కాగా, ‘రండీ’ వేశ్య. నాలుగోది ‘బోడి’. కన్నడంలో ‘ముండె’, ‘రండె’ తిట్లు. ‘బోళిమగ’ అంటే బోడితల ఆడదాని కొడుకు. మన ముండాకొడుక్కి అక్షరాలా సమానం. తమిళంలో ‘ముండై’ వితంతువును సూచిస్తూనే తిట్టు కూడా. ఈ మాటలన్నీ ఒకే మూలానివి కావు. ఒకటి తలను చెబుతుంది, మరొకటి మొగుణ్ణి చెబుతుంది. కొన్ని ఆర్యభాషా శబ్దాలు, కొన్ని దేశ్యాలు. అయినా అన్నీ ఒక్క చోటికే చేరాయి. వేర్వేరు ఊళ్ళలో బయలుదేరిన బాటసారులంతా ఒకే వాకిట్లో దిగారంటే, కారణాన్ని వారు బయలుదేరిన ఊళ్ళలో కాదు, ఆ వాకిట్లో వెతకాలి. అంటే ఈ తిట్టు పుట్టుక ధాతువులో లేదు. వితంతువుకు కుటుంబంలో ఇచ్చిన స్థానంలో ఉంది.

ఆ స్థానం ఏమిటో చెప్పడానికి విశాఖపట్నం జిల్లాకు మించిన ఆధారం తెలుగుదేశంలో మరొకటి లేదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు (1897) పీఠికలో ఆనందగజపతి మహారాజు తయారు చేయించిన ఒక జాబితా సంగతి చెప్పారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని జరిగిన పెళ్ళిళ్ళు 1034, అంటే ఏడాదికి సగటున 344. అందులో ఐదేళ్ళ వయసులో పెళ్ళయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది నిండినవాళ్ళు 3. అంటే ఐదేళ్ళూ అంతకు లోపు పిల్లలే 188 మంది. సాహిత్య చరిత్రలో మనం ఈ అంకెలను సంఘసంస్కరణ ప్రకరణంలో ఉదాహరించి వదిలేస్తాం. ఇవి భాషా చరిత్రకు కూడా చెందుతాయి. డబ్బు పెట్టి పిల్లను కొనుక్కునే వరుడు తరచు వయసు మళ్ళినవాడే. ఆ 188 మందిలో ఎందరు తమకు ఊహ తెలిసేనాటికి ‘ముండ’ అన్న మాటను తిట్టుగా కాక తమ పేరుగా విని ఉంటారు! వితంతు పునర్వివాహాన్ని చట్టసమ్మతం చేసిన శాసనం 1856లోనే వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ తర్వాత 16 ఏళ్ళకు ఈ అంకెలు అచ్చయ్యాయి.

ఆ నాటకంలోనే మరొకటి గమనించాలి. అగ్నిహోత్రావధాన్లు నోట తిట్టు లేకుండా వాక్యం నడవదు. ఆయన ఇంట్లోనే బుచ్చమ్మ వితంతువు. ముసలివాడికి పిల్లనిచ్చి ఆమెను ఆ స్థితికి తెచ్చినవాడు ఆయనే. నిండా తిట్లున్న ఆ ఇంట్లో ఆ తిట్లకు మూలమైన మనిషి వంటింట్లో నిలబడి ఉంది. గురజాడ హాస్యానికి తిట్లు వాడారని పాఠం చెప్పేవారు ఈ సంగతి చెప్పరు. నాటకంలోని తిట్లను ‘పాత్రోచిత భాష’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం విమర్శ చేతకానితనమే.

ఇక సమాసం సంగతి. ‘ముండకు కొడుకు’ అన్న షష్ఠీ తత్పురుషంలో నింద ఎక్కడుంది? రెండు వివరణలకు అవకాశం ఉంది. పునర్వివాహం లేని స్త్రీకి కొడుకు పుట్టడమంటే అక్రమ సంతానమని నింద మోపడం ఒకటి. తండ్రి లేక, అదుపు చెప్పేవాడు లేక, వితంతువు చేతిలో పెరిగిన కుర్రవాడని ఈసడించడం రెండోది. పరిశోధకులు ఎవరో ఒకరు వీటిలో ఒకదాన్ని ఎన్నుకుని రెండోదాన్ని కొట్టివేయాలని చూస్తారు. నా దృష్టిలో రెండూ నేటికీ బతికే ఉన్నాయి. కోపంతో అన్నప్పుడు మొదటి అర్థం, ‘పాపం, పిచ్చి ముండాకొడుకు’ అన్నప్పుడు రెండోది పనిచేస్తున్నాయి. జాలి పడే ప్రయోగం మొదటి అర్థం నుంచి రావడం కష్టం. తండ్రి లేని పిల్లవాడి మీద జాలి నుంచి రావడం సులభం. ‘పిచ్చిముండ’ అనే ప్రయోగానికీ ఇదే వర్తిస్తుంది. ‘నీ ముండమొయ్య’ అన్న శాపం మరో దారి పట్టింది. మగవాణ్ణి చావమనడానికి అతని భార్యను ముండను కమ్మనడం. చచ్చేది అతడు, అవమానం ఆమెకు.

‘వెధవ’ మరింత ఆశ్చర్యకరం. స్త్రీవాచకం పుంవాచకమైంది. ‘ఆ వెధవ వచ్చాడు’ అని మహద్వాచక క్రియతో అన్వయిస్తాం. అది విశేషణమై ‘వెధవ పని’, ‘వెధవ గోల’ వచ్చాయి, ముద్దుగా ‘వెధవాయి’ వచ్చింది. అసలు అర్థాన్ని చెప్పడానికి మళ్ళీ ‘విధవ’, ‘వితంతువు’ అనే తత్సమాలను తెచ్చుకోవలసి వచ్చింది. అంతకంటే మర్యాద కావలసినవారు ‘పూర్వసువాసిని’ అన్నారు, ఉత్తరం మీద ‘గంగాభాగీరథీ సమానురాలు’ అని రాశారు. చిరునామాలో గంగాభాగీరథి, పెరట్లో ముండ. ఈ రెండు మాటలూ ఒకే మనిషిని ఉద్దేశించి ఒకే ఇంటివాళ్ళు వాడినవన్న సంగతిని వేరువేరు పుటల్లో అచ్చయ్యే ఆరోపాలు ఎప్పుడూ చూపలేవు.

ఇక్కడికి అసలు వివాదానికి వచ్చాం. ఈ మాటలు గ్రామ్యమా? శిరోముండనం ఏ ఇళ్ళలో జరిగింది? బ్రాహ్మణ కుటుంబాల్లో, వారి ఆచారాన్ని అనుసరించిన మరికొన్ని కులాల్లో. తక్కిన సమాజంలో అత్యధిక భాగానికి ‘మారుమనువు’ ఉంది. ఎడ్గార్ థర్స్టన్, రంగాచారి కలిసి 1909లో వెలువరించిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాల గ్రంథంలో విశాఖపట్నం జిల్లాలోని అనేక కులాల్లో వితంతువులు మళ్ళీ పెళ్ళాడే ఆచారం నమోదై ఉంది. మొగుడు పోయిన మనిషి మరొకరిని మనువాడి సంసారం చేసుకునే చోట ‘ముండకు కొడుకు’ అన్నది వట్టి సమాచారమే అవుతుంది. అది నింద కావాలంటే మారుమనువు నిషిద్ధమై ఉండాలి. అంటే ఈ తిట్టులో నింద పనిచేయడానికి కావలసిన షరతు శిష్టుల ఇళ్ళలోనే ఉంది. రేవులో బస్తాలు మోసినవారూ, జాలరిపేటల వారూ దీన్ని తమ జీవితం నుంచి తయారు చేసుకోలేదు. పైనుంచి దిగివచ్చిన విలువతోపాటు పుచ్చుకున్నారు. ఏ మాటను మనం ‘పామరుల నోటి దురుసు’ అని పక్కన పెడుతున్నామో, ఆ మాట పుట్టిల్లు అగ్రహారం. గ్రామ్యం అన్న ముద్ర దొంగ చేతిలోని సొమ్మును పొరుగువాడి గడ్డివాములో పెట్టినట్టుంది.

వ్యావహారిక భాషోద్యమం సైతం ఈ విషయంలో మనకు చేసిన మేలు తక్కువ. ఇది చెప్పడం కొందరికి రుచించదు. గిడుగు రామమూర్తి, గురజాడ, విశాఖపట్నం ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న యేట్స్ గ్రాంథిక వాదులతో పోరాడి గెలిచింది ‘శిష్ట వ్యావహారికం’ కోసం. ఆ ‘శిష్ట’ శబ్దం ఒక గేటు. గేటు లోపలికి క్రియారూపాలు వచ్చాయి, విభక్తులు వచ్చాయి. శిష్టులు స్వయంగా రోజూ వాడే తిట్లు మాత్రం బయటే నిలబడి, తమ యజమానులు ఎవరో చెప్పుకోలేకపోయాయి. పిఠాపురం రాజావారి పోషణలో 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యప్రయోగాలను ప్రమాణంగా తీసుకుంది. కావ్యంలో చోటు దొరకని వాడుకకు అందులో చోటు దొరకడం కష్టం. అంతకు ఎనభై నాలుగేళ్ళ ముందు, 1852లో బ్రౌన్ తన నిఘంటువులో జనం నోటి మాటలకు చోటివ్వడానికి వెనుదీయలేదు. ఒక పరదేశి ఉద్యోగికి లేని సిగ్గు మనకెందుకో ఆలోచించాలి.

ఈ సిగ్గు మనకొక్కరికే ఉందనుకోవడం కూడా తప్పే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తొలి కూర్పు (1884–1928) రెండు ప్రసిద్ధమైన బూతు మాటలను వదిలివేసింది. 1972 నాటి అనుబంధ సంపుటం నుంచి వాటిని చేర్చుకుంటూ వచ్చింది. స్పానిష్ వారిది వేరే దారి. ‘దె పూతా మాద్రే’ అనే పలుకుబడికి అక్షరార్థం ‘లంజ తల్లికి సంబంధించిన’ అని. వాడుకలో ‘మహాబాగుంది’ అని. స్పెయిన్ రాజభాషా అకాడమీ నిఘంటువు దీన్ని అర్థంతో సహా ఇచ్చి, వినసొంపు కానిదని గుర్తు పెట్టింది. దాచలేదు, శిష్టం చేయనూలేదు. ఇంకా ముఖ్యమైనది సెర్వాంటెస్ సాక్ష్యం. ‘దోన్ కిహోతే’ రెండో భాగం (1615) పదమూడో అధ్యాయంలో ఇద్దరు సేవకులు చీకట్లో కూర్చుని మాట్లాడుకుంటారు. సాంచో కూతురి సంగతి విన్న రెండోవాడు ‘హిదెపూత’, అంటే లంజకొడుకు అన్న మాట కలిపి ఆ పిల్లను మెచ్చుకుంటాడు. సాంచోకు కోపం వస్తుంది. ఎద్దును ఎవరైనా బాగా పొడిచినప్పుడు జనం ఆ మాటతోనే మెచ్చుకోరా, ఇది పొగడ్తే కదా అని రెండోవాడు నచ్చజెబుతాడు. కొంతసేపటికి మంచి ద్రాక్షసారా గొంతులోకి దిగగానే సాంచో నోట అదే మాట వస్తుంది. నాలుగు వందల ఏళ్ళ కిందటే ఒక నవలాకారుడు తిట్టు పొగడ్తగా మారే ప్రక్రియను అంత స్పష్టంగా పరిశీలించాడు. మన ‘దొంగముండాకొడుకు, ఎంత బాగా ఆడేడ్రా’ అన్న వాక్యం మీద అటువంటి అర పుట చర్చ మన అర్థవిజ్ఞాన గ్రంథాల్లో ఉండవలసింది.

అయితే ఆ మార్పును చూపి ‘ఇప్పుడది ఆప్యాయతే కదా, పాత గొడవ ఎందుకు’ అనేవారితో నేను ఏకీభవించను. సాంచో కోపగించుకున్నాడన్నది మరచిపోకూడదు. పొగడ్త అర్థం అనేవాడికి తెలుసు, పడేవాడికి ముందుగా తిట్టే వినపడుతుంది. రేవులో ఒకే జట్టులో పనిచేసే ఇద్దరు ‘ఎదవా’ అని పిలుచుకున్నప్పుడు సమానత ఉంది. మేస్త్రీ కూలీని అదే మాట అంటే లేదు. కూలీ తిరిగి మేస్త్రీని ‘ఎదవా’ అనలేడు గనక. తరగతి గదిలో మాస్టారు ‘వెధవల్లారా’ అనడంలో ఎంత ప్రేమ ఉన్నా దాన్ని తిరిగి ఇచ్చే హక్కు విద్యార్థికి లేదు. వితంతువైన తల్లి ఉన్న కుర్రవాడికి ‘ముండాకొడకా’ అన్నది అలంకారం కాదు, వాస్తవ కథనం. అర్థం మాసిపోయిందని చెప్పేవారు ఎవరి చెవిలో మాసిపోయిందో చెప్పాలి.

మరొక వాదం విశాఖ ప్రాంతంలో తరచు వినిపిస్తుంది కాబట్టి దాన్నీ పరామర్శించాలి. చుట్టూ తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ వంటి బౌద్ధక్షేత్రాలు ఉన్నాయి. ముండ అంటే తల గొరిగించుకున్న బౌద్ధ భిక్షుణి అనీ, బౌద్ధం పతనమయ్యాక ఆ మాట తిట్టయిందనీ, భట్టిప్రోలు స్తూపపు దిబ్బకు ‘లంజదిబ్బ’ అన్న పేరు రావడమే ఇందుకు సాక్ష్యమనీ అంటారు. వినడానికి ఇంపుగా ఉంది. కొంత ఆధారమూ ఉంది. దీఘనికాయంలోని అంబట్ఠ సుత్తంలో అంబట్ఠుడనే బ్రాహ్మణ యువకుడు శ్రమణులను ‘ముండకులు’ అని ఈసడించాడు. గొరిగిన తల మీద ఈసడింపు చాలా పాతదని దీనివల్ల తెలుస్తుంది. కానీ ఇంతకు మించి తెలియదు. అంబట్ఠుడు ఈసడించింది పురుషులను. భిక్షుణికి కొడుకు అనే భావన తిట్టుకు మూలమైతే, తలతో సంబంధమే లేని ‘వెధవ’ అదే దారిన ఎందుకు నడిచిందో ఆ వాదం చెప్పలేదు. ‘ముండమోయు’ అన్న క్రియకు వైధవ్యం పొందడమనే అర్థం తప్ప సన్యసించడమన్న అర్థం లేదు. నిన్నమొన్నటి వరకూ కళ్ళెదుట జరిగిన దాన్ని వదిలి, వెయ్యేళ్ళ నాటి బౌద్ధ పతనంలో కారణం వెతకడం కొందరికి హాయిగా ఉంటుంది. నేరం మరీ పాతదైపోతుంది కదా.

‘బోడి’ విషయంలో మాత్రం నేను కొంత జాగ్రత్త కోరుతున్నాను. ‘నీ బోడి సలహా’ అనడంలో వితంతువు ఉందని అప్పుడే తీర్మానించడానికి వీల్లేదు. కొమ్ములు లేని ఆవు బోడి, చెట్లు లేని కొండ బోడి. లేమిని చెప్పే సామాన్యార్థం నుంచే తృణీకారం రావచ్చు. ‘బోడిముండ’ అన్న జంటలో మాత్రం అనుమానం అక్కరలేదు. తిట్ల మీద పనిచేసేవారికి ప్రతిచోటా పీడనే కనిపించే ప్రమాదం ఉంది. చుక్కలు పెట్టేవారికి ఏమీ కనిపించని ప్రమాదం ఎంతటిదో ఇదీ అంతటిదే.

ఇదంతా గ్రంథాలయంలో తేలే విషయం కాదు. బహిరంగ స్థలంలో అశ్లీలమైన మాటలు పలికి ఇతరులను బాధించడం భారతీయ శిక్షాస్మృతి 294వ సెక్షను కింద నేరం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయసంహితలో 296వ సెక్షను. ఫలానా మాట అశ్లీలమా, కాదా, వట్టి దురుసుదనమా అన్న ప్రశ్న తెలుగు మాట గురించి వచ్చినప్పుడు న్యాయమూర్తి ఏ నిఘంటువు తెరవాలి? ముండ అంటే ‘విధవ’ అని మాత్రమే ఉన్న ఆరోపం ఆయనకు పనికిరాదు. ‘తిట్టు’ అని మాత్రమే ఉన్నదీ పనికిరాదు. ఉక్కు కర్మాగారం కోసం దేశం నలుమూలల నుంచి వచ్చి స్థిరపడ్డవారి నోట హిందీ, ఒడియా, తెలుగు తిట్లు కలగలిసిన ఈ నగరంలో ఒకరి ఊతపదం మరొకరికి దెబ్బ. ఎవరు ఎవరిని ఏ సందర్భంలో అన్నారు, పడ్డవారు ఆడా మగా, తిరిగి అనగలిగారా అన్న వివరాలతో ప్రయోగాలను నమోదు చేయడానికి ఇంతకన్నా అనువైన క్షేత్రం లేదు. వృత్తిపదకోశాల కోసం భద్రిరాజు కృష్ణమూర్తి 1962 నాటికే పొలాల్లో, ఆ తర్వాత మగ్గాల దగ్గర మాటలు సేకరింపజేసి చూపించారు. నాగలి భాగాలకు చేసిన పనిని నాలుకకు చేయడానికి కొత్త పద్ధతి కూడా అక్కరలేదు.

క్షేత్రంలో రికార్డు చేసిన దాన్ని లిఖితరూపంలో పెట్టేటప్పుడు చుక్కలు పెట్టే అలవాటు ముందు పోవాలి. ‘ము...’ అని అచ్చయిన చోట ముండాకొడుకా, ముండమోపా, మరేదైనానా అన్నది యాభై ఏళ్ళ తర్వాత చదివేవారికి తెలియదు. ఆ చుక్కల్లో పోయినది ఒక బూతు మాట కాదు, ఒక ప్రయోగం. ఇక నిఘంటువులో ఈ మాటకు ఆరోపం ఎలా ఉండాలో కూడా చెప్పవచ్చు. ముండ, సంస్కృత సమం, శిరోముండనం చేయబడిన స్త్రీ. అందువల్ల, వితంతువు. అందువల్ల, పునర్వివాహ నిషేధం పాటించిన కులాల వాడుకలో నింద. తర్వాత అన్ని వర్గాల వాడుకలోనూ స్త్రీని గురించి తిట్టు. ముండాకొడుకు, పురుషుని గురించి తిట్టు, సమానుల మధ్య చనువు, ప్రశంస, జాలి కూడా. దీని పక్కన మర్యాద తప్పిన మాట అన్న గుర్తు ఉండవలసిందే. ‘గ్రామ్యం’ అన్న గుర్తు మాత్రం ఉండడానికి వీల్లేదు.